నాలుగు వందల తొంభై తొమ్మిది గాజుపూసలు, ఒక పగడం

1987 జూలై 16, గురువారం. విరిగిన బెంచీ చెక్కతో నన్ను తయారుచేసిన వడ్రంగి ఆ మధ్యాహ్నం దిబ్బరొట్టె పానకంలో ముంచుకు తిని, చెయ్యి సరిగ్గా కడుక్కోకుండానే నాకు మూత బిగించాడు. ఆ జిడ్డు మరక కుడి మూలన ఇంకా ఉంది. నేను ఒక పూసల పెట్టెను. తణుకులో ఒక డిగ్రీ కాలేజీ స్టాటిస్టిక్స్ ల్యాబు నా ఇల్లు. మూతకి చెయ్యి పట్టేంత కన్నం, లోపల ఐదు వందల గాజుపూసలు. నాలుగు వందలు తెల్లవి, వంద ఎర్రవి.

పిల్లలు లోపలికి చూడకుండా చెయ్యి పెట్టి ఒక పూస తీయాలి, రంగు రాసుకోవాలి, తీసినది మళ్ళీ నాలో వేసి కుదపాలి. అలా వందసార్లు. ఎర్రవి ఇరవై దాకా రావాలి. సరిగ్గా ఇరవై వచ్చాయని రాసినవాణ్ణి లెక్చరర్ సత్యానందం గారు కళ్ళద్దాల పైనుంచి చూసేవారు.

"ఒరేయ్, నిజంగా తీసినవాడికి పదిహేడో ఇరవైమూడో వస్తాయి. నువ్వు అసలు పెట్టె ముట్టుకున్నావా?"

ఇంకో మాట కూడా ఏటా చెప్పేవారు. "పూసలకి జ్ఞాపకం ఉండదు. పదిసార్లు తెల్లది వచ్చింది కదా అని పదకొండోసారి ఎర్రది జాలిపడి రాదు." పూసల సంగతి నిజమే. పెట్టెల సంగతి ఆయన్ని ఎవరూ అడగలేదు.

ఒక ప్రాక్టికల్ పరీక్ష రోజున ఎర్రవి తొంభై తొమ్మిదే తేలాయి. ఎవరి ఓణీ మడతలో వెళ్ళిపోయిందో ఒకటి. బయటి ఊరి ఎగ్జామినర్ గంటలో వస్తాడు. సత్యానందం గారు బల్లల కింద పాకుతుంటే భోజనం క్యారియర్ పట్టుకుని ఆయన భార్య మాణిక్యాంబ వచ్చింది.

"ఒక్క పూసకి ఇంత బెంగేమిటండీ!"

"వంద ఉండాలి మాణిక్యం. లెక్కంతా దానిమీదే."

ఆవిడ మెడలోని పగడాల దండ దారం పంటితో కొరికి ఒకటి తీసి నాలో పడేసింది. చేతికి తేడా తెలియదు, కంటికే తెలుస్తుంది.

"అయ్యో, పగడమే!"

"ఎక్కడికి పోతుంది? తర్వాత తీసిచ్చేద్దురు గాని."

పరీక్ష అయ్యాక మూత విప్పి వెతికితే అయిపోయేది. కానీ ఆయన మాస్టారు కదా. "చూసి తీస్తే అది మోసం. వారానికొకసారి చెయ్యి పెడతాను, వచ్చినప్పుడు తెస్తాను" అన్నారు. శనివారం ఒంటిపూట. ఇంటికి తీసుకెళ్ళడానికి ఆవిడ గుమ్మంలో నిలబడేది.

"వచ్చిందా?"

"రాలేదు."

"నా పగడం మీ కాలేజీలో పర్మనెంటయిపోయింది" అని నవ్వేది. ఇద్దరూ మెట్లు దిగేవారు. ఇరవయ్యేళ్ళకి పైగా ఇదే మాట, ఇదే నవ్వు. రాకపోతే ఇద్దరికీ అంత సంతోషమెందుకో నాకు అప్పట్లో అర్థమయ్యేది కాదు.

తర్వాత గుమ్మంలో నిలబడేవారు లేకపోయారు. ల్యాబుకి కంప్యూటర్లు వచ్చాయి. అవి క్షణంలో వెయ్యి పూసలు తీస్తాయట, ఒక్కటీ తీయకుండానే. నన్ను బీరువా మీద పెట్టారు. సత్యానందం గారు మాత్రం శనివారం శనివారం స్టూలు ఎక్కి నన్ను దింపుతూనే ఉన్నారు. తీయడం, చూడడం, వేయడం. అడిగేవారు లేరు.

నిన్న శనివారం ఆయన రిటైరయ్యారు. దండలూ ఉపన్యాసాలూ అయ్యాక శాలువాతోనే వచ్చి నన్ను దింపారు. ఒక పూస పట్టుకుని బయటికి తీశారు.

పగడం.

అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. శాలువా అంచుతో తుడిచారు. గుప్పిట జేబు దాకా వెళ్ళి ఆగింది.

అప్పుడే తాళాలగుత్తితో గుమ్మంలోకి అటెండరు నూకరాజు వచ్చాడు. ఏళ్ళ తరబడి అన్నీ విన్నవాడు. మెల్లిగా అడిగాడు.

"వచ్చిందాండీ?"

సత్యానందం గారి గుప్పిట నా కన్నంలోకి దిగి విచ్చుకుంది. గాజు చప్పుడు వేరు, పగడం చప్పుడు వేరు. నాకు తెలుసు. ఆయన నన్ను మూడుసార్లు బాగా కుదిపారు.

"రాలేదు నూకరాజూ. వచ్చే శనివారం కూడా వస్తాను, తలుపు తీస్తావా?"

"తీస్తానండి."

రోజూ ధడాలున తలుపు వేసే నూకరాజు, నిన్న సాయంత్రం ఆయన మెట్లు దిగేదాకా ఆగి, రెక్కలు రెండూ చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా దగ్గరగా వేశాడు.