రెండో బాలింత నెల

"ఇంకాస్త గట్టిగా దించక్కా మోచెయ్యి, దూదితో ఒత్తినట్టుంది" అన్నాడు బల్ల మీద బోర్లా పడుకున్న లారీ డ్రైవరు.

రూయ్‌ఫాంగ్ దించింది. చైనాలో కైఫెంగ్ పట్నంలోని ఆ మాలీషు కొట్టులో పొద్దుటి నుంచీ ఆమెకు మొహాలు కనబడవు, నడుములే. ఒకడి నడుము పట్టు వదలాలంటే ఆమె తన నడుము మీద బరువంతా వేసుకుని వంగాలి. వాళ్ళ నొప్పి ఎక్కడికీ పోదనీ, తన నడుములోకి దిగి కూర్చుంటుందనీ ఆమెకు ఎప్పుడో తెలిసిపోయింది. ఇంటికొస్తే మొగుడు దేహాయ్ కాళ్ళు చాపుకుని ఉంటాడు. "పరాయి మగాళ్ళకి రోజంతా ఒత్తుతావు, కట్టుకున్నవాడి దగ్గరికొచ్చేసరికి చేతులు పడిపోతాయా?" అంటాడు. ఒత్తుతుంది. ఆ తర్వాత వంట.

ఆ సాయంత్రం నూడుల్స్‌కి పిండి ఒత్తుతుంటే నడుము పట్టేసింది. వంగినది వంగినట్టే ఉండిపోయింది.

అత్త పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ, లేవకుండానే అంది: "బాలింత నెల మంచం మీద సరిగ్గా కూర్చోలేదు నువ్వు. చన్నీళ్ళు ముట్టావు, గాలిలో తిరిగావు. దాని ఫలితమే ఇది."

పాప పుట్టిన చలికాలం గుర్తొచ్చింది రూయ్‌ఫాంగ్‌కి. "ఆడపిల్లని కని నెలంతా ఏం కూర్చుంటావులే" అని మూట కట్టుకుని కూతురింటికి వెళ్ళింది ఈవిడే. గడ్డ కట్టే నీళ్ళలో గుడ్డలు పిండిన చేతులు తనవి. తప్పు కూడా తనదే అయింది. ఆ మాట నోటిదాకా వచ్చింది కానీ, అనడానిక్కూడా ఓపిక కావాలి.

"బాలింత నెలలో పట్టిన రోగం మళ్ళీ బాలింత నెలలోనే వదుల్తుందే" అంది అత్త మళ్ళీ. "మాలీషులకి లొంగదు. ఇంకొకణ్ణి కను. ఈసారి దగ్గరుండి కోడి పులుసు పోస్తా. చీపురు ముట్టనివ్వను, చన్నీళ్ళు తగలనివ్వను, మంచం దిగనివ్వను."

"అమ్మ నీ మంచికేగా చెప్తోంది" అన్నాడు దేహాయ్, ఫోనులోంచి తలెత్తకుండా.

ఏటా వినే మాటే. కానీ ఇవాళ వంగి ఉండి విన్నందుకో ఏమో, అందులో రెండు ముక్కలున్నట్టు తోచింది. పులుసు, మంచం, తగలని చన్నీళ్ళు ఒక ముక్క. బిడ్డ ఇంకో ముక్క. నొప్పి తగ్గించేది మొదటిదే. రెండోది వీళ్ళు అతికించింది.

రూయ్‌ఫాంగ్ చేతుల పిండి దులుపుకుంది. గోడ పట్టుకుని గదిలోకి నడిచింది. కిటికీ మూసి, తలకి తువ్వాలు బిగించి, దుప్పటి కప్పుకుని పడుకుంది.

అత్త గుమ్మంలోకొచ్చింది. "తలకి ఆ గుడ్డేంటే? ఎవరు కన్నారిక్కడ?"

"ఎవరూ కనలేదత్తయ్యా. నెల కూర్చుంటే వదుల్తుందన్నారుగా, కూర్చుంటున్నా. పులుసులో అల్లం కాస్త దండిగా వెయ్యండి."

దేహాయ్ ఫోను పక్కన పడేసి వచ్చాడు. "పిచ్చెక్కిందా? మరి ఆ పిండెవరు ఒత్తుతారు?"

రూయ్‌ఫాంగ్ గోడవైపు తిరిగింది.

"బాలింతని అడిగే మాటేనా అది?" అంది.