తూర్పు ముఖం పెట్టిన కారు

మా కారు గేరుబాక్సు బాగు చేయించాలా, మార్చాలా, అసలు కారే మార్చెయ్యాలా అని మా హాల్లో సభ జరిగింది. సభ అని వెటకారానికి అనడం లేదు. మా ఆయన జానకిరామయ్య గారు నిజంగానే ఫోన్లు చేసి మరీ పిలిచారు. పై అంతస్తులో ఉండే రిటైర్డు రైల్వే గార్డు ఫిలిప్ గారు వచ్చారు. పటమట నుంచి మా మరిది వెంకటసుబ్బారావు వచ్చాడు. నేను కాఫీలు, పెసరట్లు, మళ్లీ కాఫీలు మోశాను. "నువ్వేమంటావు కనకం" అని ఒక్క పెద్దమనిషీ అడిగిన పాపాన పోలేదు. ఆ కారు నడిపేది నేను.

నేనొక్కదాన్నే. మా ఆయనకి లైసెన్సు ఉంది. కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో ఎవరో శిష్యుడు తెచ్చిపెట్టాడు. దాన్ని పర్సులో పెట్టుకుని తిరుగుతారు, స్టీరింగు ముందు కూర్చోమంటే మాత్రం నడుం పట్టేస్తుంది. నేను హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాక డ్రైవింగు నేర్చుకున్నాను. ఎడమ మోకాలు క్లచ్చి తొక్కడానికి పనికిరాదని డాక్టరు చెబితే, వెతికి వెతికి వాడిన ఆటోమేటిక్ బండి ఒకటి కొనుక్కున్నాను. డబ్బు నాది. కారు మాత్రం ఆయన పేరు మీద ఉంది. ఎందుకయ్యా అంటే, మా మరిది పంచాంగం తిరగేసి నా నక్షత్రానికి వాహనయోగం లేదని తేల్చాడు. అప్పుడే నోరు చేసుకుని ఉండాల్సింది, పోనీలే అనుకున్నాను.

సరే, ఆ బండికి ముసలితనం వచ్చింది. సిగ్నల్ దగ్గర ఆగి కదిలేటప్పుడు వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఒక కుదుపు ఇస్తోంది. ఆ కుదుపు మా ఆయనకి తెలుసు, పక్క సీట్లో కూర్చుంటారు కాబట్టి. ఆయనకి తెలియంది ఇంకోటి ఉంది. ఉగాది నుంచి మా కారుకి రివర్సు పడటం లేదు. గేరు రాడ్డు ఆర్ మీదకి లాగితే ఇంజను మూలుగుతుంది, బండి మాత్రం అంగుళం కదలదు.

నేనెవరికీ చెప్పలేదు. చెబితే ఆ సాయంత్రానికే అమ్మేస్తారని నాకు తెలుసు. అందుకని వెనక్కి వెళ్లే పని లేకుండా బతకడం అలవాటు చేసుకున్నాను. మా అపార్టుమెంటుకి అదృష్టం కొద్దీ రెండు గేట్లున్నాయి, దీంట్లోంచి వచ్చి దాంట్లోంచి పోవచ్చు. ఎవరైనా పెళ్లికి పిలిస్తే ముహూర్తం కంటే ముందు ఆ ఫంక్షన్ హాలుకి రెండు గేట్లున్నాయా లేవా అని కనుక్కునేదాన్ని. మా పెద్ద ఆడపడుచు ఇల్లు మూసుకుపోయిన సందు చివర ఉంటుంది. వాళ్ల మనవడి అన్నప్రాసనకి ఆటోలో వెళ్లాం. పెట్రోలు దండగ అన్నాను, ఆయన ఎంతో మెచ్చుకున్నారు.

సభ సంగతికొస్తాను. ఫిలిప్ గారు పాత గేరుబాక్సు ఒకటి కొని బిగించమన్నారు. రైల్వేలో అంతా అలాగే చేస్తారట. మా మరిది కారే మార్చెయ్యమన్నాడు, అదీ గేర్లున్న బండి కొనమన్నాడు. ఆటోమేటిక్ అంటే బద్ధకస్తుల బండి అని, మగవాడు నడిపేది కాదని ఉపన్యాసం. అతను నడిపేది స్కూటీ. మా ఆయన డ్రైవరు హోదాలో ఇద్దరికీ జవాబులు చెబుతూ కూర్చున్నారు. మూడో గేరులో కొంచెం బరువుగా ఉంటోందన్నారు. ఏ గేరులో ఉందో బండి ఆయనకి ఎప్పుడు చెప్పిందో నాకు తెలీదు. అంతటితో ఊరుకోక, మొన్న వన్‌టౌన్ మార్కెట్ సందులో లారీ ఎదురొస్తే బండిని సందు మొదటిదాకా వెనక్కి లాక్కొచ్చేశానని, రివర్సు మాత్రం వెన్నలా పడుతుందని చెప్పారు.

పెసరట్టు తిప్పుతున్నదాన్ని వింటూ అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ రోజు వెనక్కి పోయింది లారీ. నేను హారన్ మీద చెయ్యి తియ్యకుండా కూర్చుంటే, ఆ డ్రైవరు నాకు దణ్ణం పెట్టి లారీని వెనక్కి తీసుకుపోయాడు. ఈయన పక్క సీట్లో కళ్లు మూసుకుని ఆంజనేయ దండకం చదువుకున్నారు.

మర్నాడు ఆటోనగర్‌లో ఆరోన్ షెడ్డుకి బయల్దేరాం. ముగ్గురు మగాళ్లూ కూర్చుని, నేను నడుపుతున్న కారుని తుక్కుకి అమ్మాలా వద్దా అని దారి పొడుగునా వాదించుకున్నారు. బెంజి సర్కిల్ దగ్గర కారు కుదిపింది. చూశావా అన్నయ్యా, నీకెంత ఇబ్బందో, అన్నాడు మా మరిది వెనక సీట్లోంచి. ఆయన అవునని నిట్టూర్చారు. ఒళ్లు మండిపోయింది నాకు.

ఆరోన్ మంచి మాటకారి. అంతకంటే మంచి వ్యాపారి. బండి రోడ్డు మీద ఒక చుట్టు తిప్పుకొచ్చాడు, ఆ చుట్టంతా ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూనే. దిగి ఫిలిప్ గారితో పాత బాక్సు ఆలోచన బ్రహ్మాండం అన్నాడు. మా మరిదితో అమ్మెయ్యడమే తెలివైన పని అన్నాడు. మా ఆయనతో, విప్పి లోపల సామాను మారిస్తే ఇంకో అయిదేళ్లు తిరుగులేదు సార్ అన్నాడు. ముగ్గురూ తలూపారు. ముగ్గురూ తనే నెగ్గాననుకున్నారు. చివర్లో ఆరోన్, ఇంతకీ బండి ఎవరు నడుపుతారు సార్, డ్రైవింగును బట్టి కూడా ఉంటుంది, అని అడిగాడు.

"ఇంట్లో ఇంకెవరున్నారయ్యా, నేనే," అన్నారు మా ఆయన.

తాళం చెవి నా చేతిలో ఉంది. ఆరోన్ దాన్ని చూశాడు, నన్ను చూశాడు, పార్టీ ఎవరో గుర్తు చేసుకుని సార్ వైపు తిరిగిపోయాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన తీర్పు చెప్పారు. గేర్లున్న కొత్త కారు, దానికో డ్రైవరు. పాతది ఎక్స్ఛేంజికి ఇచ్చెయ్యడం. ఇదంతా నా కోసమేనట. నీకు శ్రమ తప్పుతుంది కనకం, హాయిగా వెనక కూర్చుని వెళ్దువుగాని, అన్నారు. నేను రిపేరు చేయిద్దామండీ, నా పింఛనుతో నేను చేయించుకుంటాను అన్నాను. ఆటోమేటిక్ గేరుబాక్సు సంగతులు నీకు తెలీవు అన్నారు. నేను మాట్లాడింది డబ్బు గురించి, గేరుబాక్సు గురించి కాదు. అది ఆయనకి పట్టలేదు.

నేను ప్రతి బుధవారం మధ్యాహ్నం కారు తీసుకుని ఇబ్రహీంపట్నం వెళ్తాను. ఫెర్రీ దగ్గర కృష్ణ ఒడ్డున ఆపుకుని అద్దాలు దించి కూర్చుంటాను. వేరుశనక్కాయలు వలుచుకుని తింటాను. అటు థర్మల్ స్టేషన్ గొట్టాలు పొగ వదులుతుంటాయి, ఇటు నీళ్లు. అంతే, అక్కడ నాకు వేరే పని లేదు. ఎవరూ కాఫీ అడగరు, నా కళ్లజోడెక్కడ అనరు. పెళ్లయిన నాటి నుంచి ఆయన స్కూటరు వెనకో, బస్సులోనో, ఆటోలోనో, ఎవరో ఒకరు తీసుకెళ్తే వెళ్లాను. ఎవరో ఒకరు తీసుకొస్తే వచ్చాను. ఆ బుధవారాలు నా సొంతం. డ్రైవరు వస్తే ఎక్కడికమ్మా అని అడుగుతాడు. ఎందుకని ఆయన వాణ్ణి అడుగుతారు. ఆ రాత్రి సింకు దగ్గర గిన్నెలు కడుగుతూ ఏడ్చాను. ఈ వయసులో కారు కోసం ఏడుపేమిటని నన్ను నేనే తిట్టుకుని, మళ్లీ ఏడ్చాను.

గురువారం ఎక్స్ఛేంజి మనిషి వస్తానన్నాడు. బుధవారం సాయంత్రం మా మరిది దిగాడు. కారు చుట్టూ ప్రదక్షిణం చేసి, గేరుబాక్సు ఎందుకు పోయిందో కనిపెట్టేశాడు. కారు దక్షిణం చూస్తోందట. యముడి దిక్కు చూస్తూ రాత్రిళ్లు నిలబడే బండికి ఆయుష్షెక్కడిది అన్నాడు. ఇంటికి వాస్తు చూస్తారు, కొట్టుకి చూస్తారు, మా మరిది ఆ మధ్య ఎవరింట్లోనో ఫ్రిజ్జుకి కూడా చూసొచ్చాడు. ఇప్పుడు గేరుబాక్సుకి చూశాడు. రాత్రంతా తూర్పు ముఖంగా ఉంచి, పొద్దున మంచి ఘడియల్లో బయటికి తీస్తే, బేరం ఎదురుతిరగదని అభయం ఇచ్చాడు.

మా సెల్లారులో తూర్పున గోడ ఉంది. నిలువెత్తు గోడ.

నేను ఫెర్రీ దగ్గర నుంచి వచ్చి, ఆఖరి బుధవారం అనుకుంటూ మొహం కడుక్కుంటున్నాను. కిందినుంచి మా కారు చప్పుడు వినిపించింది. బాల్కనీలోకి పరిగెత్తాను. మా ఆయనే నడుపుతున్నారు. తమ్ముడు ముందు నడుస్తూ దారి చూపిస్తున్నాడు, ఆటోమేటిక్ కదా, బ్రేకు వదిలితే అదే కదులుతుంది. ఆ గేట్లోంచి బయటికి పోయి, సందు చుట్టి, ఈ గేట్లోంచి వచ్చి, రెండు స్తంభాల మధ్యలోంచి ముక్కు సరిగ్గా తూర్పు గోడకి జానెడు దూరంలో ఆపారు. పైకొచ్చి, చూశావా, ఏముంది ఇందులో, అన్నారు. ఆ మొహం వెలిగిపోతోంది. రివర్సు సంగతి చెప్పబోయి, ఎందుకులే, పొద్దున వీళ్లే తెలుసుకుంటారు అనుకుని పడుకున్నాను. చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది.

పొద్దున ఎక్స్ఛేంజి కుర్రాడు ఫోన్లో ఫొటోలు తీసుకుంటూ ఉన్నాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అమ్మేసే బండికి నిమ్మకాయలేమిటో దేవుడికెరుక. ఫిలిప్ గారు వేడుక చూడ్డానికి దిగారు. మా మరిది గడియారం చూసి చెయ్యి ఊపాడు. మా ఆయన దర్జాగా కూర్చుని రాడ్డు ఆర్ మీదకి లాగారు.

ఇంజను మూలిగింది. కారు కదల్లేదు. నిమ్మకాయ నిమ్మకాయలాగే ఉంది.

హ్యాండ్ బ్రేకు అన్నారు ఫిలిప్ గారు. తీసే ఉంది. గట్టిగా తొక్కు అన్నయ్యా అన్నాడు మా మరిది. గట్టిగా తొక్కారు. సెల్లారంతా పొగ. కంగారులో ఈయన రాడ్డు ఎటు లాగారో ఏమో, కారు ముందుకి దూకి గోడని ముద్దుపెట్టుకుంది. బంపరు ఒక మూల ఊడి వేలాడింది. నిమ్మకాయలు మాత్రం పద్ధతిగా చితికాయి.

మా ఆయన దిగి, చెమటలు కక్కుతూ ఆరోన్‌కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టారు. మీరు బండిలో ఏదో చెడగొట్టారని దబాయించారు. ఆరోన్ అంతా విన్నాడు.

"రివర్సు ఎప్పట్నుంచి పడట్లేదు సార్?"

మా ఆయన ఫోన్‌ని ఇంకో చేతిలోకి మార్చుకున్నారు.

"ఉగాది నుంచి," అన్నాను నేను.

అందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు. మా మరిది నోరు తెరిచాడు. "అదేంటి వదినా, అన్నయ్య మొన్న మార్కెట్ సందులో వెనక్కి తీశానన్నాడు?"

ఫిలిప్ గారు పైకప్పు కేసి చూడటం మొదలుపెట్టారు, పెద్దమనిషి. ఎక్స్ఛేంజి కుర్రాడు ఇలాంటి బండికి తుక్కు ధరే వస్తుందండీ అని చెప్పి, బైకెక్కి చక్కా పోయాడు. ఫోన్లో ఆరోన్ ఇంకా ఉన్నాడు.

"అంటే ఇన్ని నెలలూ రివర్సు లేకుండా తిప్పారా? అసలు బండి ఎవరు నడుపుతున్నారు సార్?"

నేను నోరు విప్పితే నలభై ఏళ్ల మాటలు వస్తాయి. మా ఆయన ఊడిన బంపరు వైపు చూశారు, నా చేతి వైపు చూశారు. తాళం చెవి కోసం చెయ్యి చాపి ఉన్నానని అప్పటిదాకా నాకే తెలీదు.

"మా ఆవిడ," అన్నారు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నాకు రాదు ఆరోన్," అన్నారు.

అంత చిన్న గొంతు ఆయనకి ఉందని నాకు తెలీదు. జాలేసింది. కోపం కూడా అక్కడే ఉంది, ఎటూ పోలేదు. తాళం చెవి నా చేతిలో పెట్టారు.

నేను కూర్చుని రాడ్డు న్యూట్రల్లోకి తెచ్చాను. ముగ్గురూ ముందు పక్కల నుంచి కారుని కొంచెం జరిపి, ఆ సందులో గోడకీ బానెట్టుకీ మధ్య ఇరుక్కుని వెనక్కి తొయ్యడం మొదలుపెట్టారు. ఎప్పుడూ పక్క సీట్లోంచి లెఫ్టు, రైటు, చూసుకో అంటూ ఉండే మనిషి, అద్దానికి అవతల నాకెదురుగా వంగి రొప్పుతూ, ఎటు తొయ్యాలి కనకం అని అడిగారు. చేత్తో చూపించాను. ఎటు చూపిస్తే అటు తోశారు. స్తంభాలు దాటాక కారుని గేటు వైపు తిప్పుకుని, రాడ్డు డి మీదకి లాగాను. ఒక్క కుదుపు ఇచ్చి బండి కదిలింది.

ఆయన కిటికీ దగ్గరికొచ్చారు. ఇంతకీ ఏం చేద్దామంటావు, రిపేరా, మార్చడమా, అన్నారు. నన్ను ఎవరైనా ఆ మాట అడగడం అదే మొదలు.

"రిపేరు," అన్నాను. "వచ్చే బుధవారానికి నాకు బండి కావాలి."

బుధవారం ఏముంది అని ఆయన అడగబోయి ఆగిపోయారు. మా మరిది వెనక నుంచి, ఇప్పుడు వర్జ్యం నడుస్తోంది వదినా, కాసేపాగి బయల్దేరండి అన్నాడు. నేను అద్దం ఎత్తేసి ఆటోనగర్‌కి వెళ్లిపోయాను.