షఫీ వేసిన ముడి

ఏలూరులో మౌలాలి పొద్దున్నే టీ తాగి, వరండాలో తన మగ్గం ముందు కూర్చుంటాడు. లోపల పెద్ద మగ్గం మీద తమ్ముడు షఫీ తివాచీ నేస్తుంటాడు. ఇరవై ఏళ్లు ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లే. కిందటేడు షఫీ నేసిన కొల్లేటి గూడబాతుల తివాచీని ఊరంతా మెచ్చుకున్నాక, లోపల గాలాడట్లేదని మౌలాలి బయటికొచ్చేశాడు. గాలీ కాదు, పాడూ కాదు. కుళ్లు.

ఆ ఇంటి మగవాళ్లకి తల వెనక నుంచి గుండెదాకా ఒక ఎర్ర ఉన్ని పోగు ఉంటుంది. మనసు కుదురుగా ఉంటే వదులుగా ఉంటుంది, రగిలితే బిగుస్తుంది. వాళ్ల నాన్నది పెళ్లి విందులో తెగింది, తనకన్నా ముందు చిన్నాన్నకి వడ్డించారని. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఏం చేస్తామండీ, తల లాగింది, గుండె ఆగింది" అన్నారు డాక్టరుగారు.

మౌలాలి కాలరు కింద పోగు సర్దుతూ భార్య చాంద్ బీ రోజూ పోరేది.

"బిగిసిపోతోందండీ. వెళ్లి తమ్ముడి పక్కన కూర్చోండి."

మగ్గం మీద పోగు తెగితే ముడి వేసేది పక్కవాడే, నేసేవాడికి చేతులు ఖాళీ ఉండవు కదా.

"వాడి చేత ముడి వేయించుకునే ఖర్మ నాకు పట్టలేదు" అనేవాడు మౌలాలి.

ఒకరోజు తాడేపల్లిగూడెం నుంచి ఫర్నిచర్ షాపు అమరేశ్వరరావుగారొచ్చారు. మౌలాలి తివాచీ పక్కనే చెప్పులు విడిచి, దానివైపు చూడకుండానే "షఫీ ఉన్నాడాండీ?" అని అడిగి లోపలికెళ్లారు. కాసేపటికి ఆయన మాట వినిపించింది.

"నీళ్లు కదుల్తున్నట్టే ఉందయ్యా! మీ అన్నయ్యక్కూడా కాస్త నేర్పరాదూ?"

టప్పున తెగింది. మౌలాలి మగ్గం మీదికి ఒరిగిపోయాడు.

షఫీ పరుగెత్తుకొచ్చాడు. తెగిన కొసలు ఒకదానికొకటి అందలేదు. షఫీ పోగు ఎప్పుడూ వదులే, దానిమీద కూడా మౌలాలికి కడుపుమంటే. షఫీ తన పోగుని జానెడు మడిచి, మడత మొదట్లో వదిన చేత ముడి వేయించి, ఆ మడతని కత్తెరతో కోశాడు. ఆ ముక్కని అన్న కొసల మధ్య పెట్టి రెండు ముళ్లు వేశాడు. మౌలాలి ఊపిరి తీసుకున్నాడు.

నెల తిరిగాక అమరేశ్వరరావుగారు మళ్లీ వచ్చారు. "ఇలాంటి చెయ్యి జిల్లాలోనే లేదు" అన్నారు షఫీతో. మౌలాలికి ఎప్పట్లాగే ఒళ్లు మండింది. ఈసారి ఛాతీలో మాత్రం ఏమీ బిగియలేదు. కిటికీలోంచి చూస్తే షఫీ ఎడమవైపు రొమ్ము పట్టుకుని, పళ్లు బిగించి నవ్వుతున్నాడు. అతని పోగు ముక్క ఉన్నది మౌలాలి పోగులోనే మరి, ఇక్కడ మండితే అక్కడ బిగుస్తోంది.

మౌలాలి లేచి లోపలికెళ్లాడు.

"జరుగు."

"ఏంటన్నయ్యా?"

"వరండాలో ఎండగా ఉంది."

బల్ల మీద కూర్చుని, షఫీ మళ్లీ నేస్తున్న గూడబాతు ముక్కులో వంకర కోసం చాలాసేపు వెతికాడు. ఎక్కడా దొరకలేదు. షఫీ చెయ్యి ఇంకా రొమ్ము మీదే ఉంది.

"బాగా నేశావురా" అన్నాడు మౌలాలి. నలభై ఏళ్లలో మొదటిసారి.

షఫీ చెయ్యి కిందికి దిగింది.