ఉడత ఎడమ కన్ను

వాళ్ళిద్దరినీ బ్యాడ్మింటన్ కోర్టులో అసలు పేర్లతో పిలిచినవాళ్ళు లేరు. వెనక నిలబడి స్మాష్‌లు కొట్టే పొడుగు పిల్ల నిచ్చెన. నెట్ దగ్గర అటూ ఇటూ దూకుతూ షటిల్ అందుకునే పొట్టి పిల్ల ఉడత. పదమూడేళ్ళ వయసులో కోచ్ ఇద్దరినీ జత చేశాడు. అప్పట్నుంచి పధ్నాలుగేళ్ళు ఒకే గదిలో పడుకున్నారు, ఒకే సంచిలో బట్టలు కుక్కుకున్నారు, ఒకరి జ్వరం ఒకరికి అంటించుకున్నారు. దీన్ని చేసుకునేవాడు ఇద్దరికీ వండిపెట్టాల్సిందేనని నిచ్చెన వాళ్ళమ్మ నవ్వేది.

డబుల్స్‌లో ర్యాంకు మనిషిది కాదు, జంటది. ఒకరు తప్పుకుంటే రెండోవాళ్ళు కొత్త జోడీతో మళ్ళీ అట్టడుగు నుంచి ఎక్కాలి. ఇరవై ఏడేళ్ళు వచ్చేసరికి వాళ్ళ ర్యాంకు పంతొమ్మిది. ఏడు నెలల్లో, అంటే ఏప్రిల్ ఆఖరులోగా, పదహారు లోపుకు వస్తే, నాలుగేళ్ళకోసారి జరిగే పెద్ద పోటీలకు వెళ్ళవచ్చు. ఆ వయసులో మరో అవకాశం రాదని ఇద్దరికీ తెలుసు.

అక్టోబరులో ఒక ఉదయం సాధన జరుగుతోంది. అవతలి నుంచి ఇద్దరు మగ ఆటగాళ్ళు బలంగా కొడుతున్నారు. ఒక షటిల్ ఉడత రాకెట్ అంచుకు తగిలి, దారి మళ్ళి, ఆమె ఎడమ కంట్లో కొట్టింది.

ఆసుపత్రికి నిచ్చెన తోడు వస్తానన్నా వద్దని ఉడత ఒక్కతే వెళ్ళింది. కంటి వెనక పొర చిరిగిందని, లేజర్‌తో అతికించానని డాక్టరమ్మ చెప్పింది. చూపు పోదు, కానీ మధ్యలో మసక ఉండిపోతుంది, వస్తువు ఎంత దూరంలో ఉందో అంచనా దొరకదు అంది. మళ్ళీ ఎప్పుడు ఆడొచ్చని ఉడత అడిగింది.

"ముందు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం అలవాటు చేసుకో. ఆట సంగతి తర్వాత మాట్లాడదాం" అంది డాక్టరమ్మ.

ఉడత డాక్టరమ్మ రాసిచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పాత బూట్ల పెట్టె అడుగున దాచేసింది. వాపు అంతే, చుక్కలు వేసుకుంటే తగ్గిపోతుందని నిచ్చెనకు చెప్పింది. నిచ్చెన నోటి దగ్గరి కూడు పడగొట్టకూడదనే దాస్తున్నానని తనకు తాను సర్దిచెప్పుకుంది. అందులో సగమే నిజం. ఆట లేకపోతే పొద్దున్న లేచి ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు.

మూడు వారాల తర్వాత కోర్టులోకి దిగింది. అవతలివాళ్ళ భుజం కదలికను బట్టి, రాకెట్ చప్పుడును బట్టి షటిల్ ఎక్కడికి వస్తుందో ఊహించడం నేర్చుకుంది. కుడివైపు బాగానే నెట్టుకొచ్చింది. ఎడమవైపు వచ్చినవి మాత్రం ఉన్నచోటి కంటే జానెడు ఇవతల కనిపించేవి. నిచ్చెన ఎవరూ చెప్పకుండానే ఒక అడుగు ఎడమకు జరిగి ఆడడం మొదలుపెట్టింది. ఒక మూల నుంచి ఇంకో మూలకు రెట్టింపు పరుగు పెట్టేది. అంత దూరం ఎందుకు పోతున్నావని కోచ్ కోప్పడితే, మేం సర్దుకుంటున్నాంలే సార్ అని నవ్వేసేది.

ర్యాంకు పదిహేడుకు వచ్చింది. నిచ్చెన కుడి మోకాలు వాయడం మొదలైంది. ప్రతి మ్యాచ్ తర్వాత మంచు సంచి కట్టుకుని కూర్చునేది. అదేంటని ఉడత అడిగితే, "ముసలిదాన్నైపోతున్నా తల్లీ" అనేది.

ఒకసారి విమానాశ్రయంలో, పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఉండగా, నీకొక విషయం చెప్పాలి అంది ఉడత. నిచ్చెన కళ్ళు మూసుకునే, శుభవార్త అయితే ఇప్పుడే చెప్పు, కాకపోతే ఏప్రిల్ దాటాక చెప్పు అంది. ఉడత లేచి ఇద్దరికీ టీ తేవడానికి వెళ్ళింది.

మార్చిలో ఒక క్వార్టర్ ఫైనల్. గెలిస్తే పదిహేనో ర్యాంకు ఖాయం. మూడో గేములో స్కోరు పదిహేడు పదహారు, ఆధిక్యం వీళ్ళదే. షటిల్ ఇద్దరి మధ్యకు, కాస్త ఎడమగా వచ్చింది. నిచ్చెన అప్పటికే కదిలింది. ఉడత "నాది" అని అరిచింది. నిచ్చెన ఆగింది. ఉడత రాకెట్ గాలిని కోసుకుంటూ పోయింది. అది చూసి నిచ్చెన ఆగిన కాలి మీదే గిర్రున తిరిగి షటిల్ మీదికి ఉరికింది. మోకాలిలో ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. గీత దగ్గర కూర్చున్న న్యాయనిర్ణేత ఆ చప్పుడు విని కుర్చీలోంచి లేచాడు.

ఆపరేషన్ అయింది. నడవగలదు, నెమ్మదిగా పరుగెత్తగలదు, ఎగిరి కొట్టడం మాత్రం ఇక కుదరదన్నారు.

నాలుగో రోజు ఉడత ఆసుపత్రికి వెళ్ళేసరికి నిచ్చెన దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. వాళ్ళమ్మ కిటికీ పక్కన పండు కోస్తోంది. ఉడత కూర్చోకముందే నిచ్చెన ఆమె చెయ్యి పట్టుకుంది.

"నన్ను క్షమించవే. నువ్వు 'నాది' అన్నావు. నేను నిన్ను నమ్మి ఆగిపోయుండాల్సింది. నమ్మకుండా తిరిగాను. నీ ఆట కూడా పోగొట్టాను."

ఉడత అప్పుడు చెప్పింది. షటిల్ తగిలిన రోజు నుంచి బూట్ల పెట్టెలో కాగితం దాకా, ఏదీ దాచకుండా చెప్పింది. వాళ్ళమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది.

నిచ్చెన దుప్పటి అంచును మడుస్తూ అంది.

"నేను ఎడమకి జరుగుతున్నానని నీకు తెలుసు."

"తెలుసు."

"ఎందుకు జరుగుతున్నానో నాకే తెలీదు. చెప్పుంటే వైపులు మార్చుకునేవాళ్ళం. ఒంటికన్నుతో ఉన్నా నీతోనే ఆడేదాన్ని. తెలిసి ఆడేదాన్ని." ఉడత మొహంలోకి చూసి అడిగింది. "మరి నాది అని ఎందుకన్నావు?"

"కనపడిందనుకున్నా."

నిచ్చెన చెయ్యి వెనక్కి తీసుకుని గోడవైపు తిరిగింది. ఇంక వెళ్ళమ్మా, అది పడుకోవాలి అంది వాళ్ళమ్మ, పరాయి మనిషితో మాట్లాడినట్టు.

కోచ్‌కి కూడా ఉడతే చెప్పింది. ఆయన కోర్టు పక్క బెంచీ మీద కూలబడ్డాడు. ఏదో తేడాగా ఉందని నేనూ చూశాను, ర్యాంకు పెరుగుతోంది కదా అని అడగలేదు అన్నాడు. ఆమెను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఉడతకు.

ఆ తర్వాత ఆమె ఎన్ని సందేశాలు పంపినా, నిచ్చెన చదివినట్టు తెలిసేది కానీ జవాబు వచ్చేది కాదు. మోకాలికి రెండోసారి ఆపరేషన్ జరిగిందని వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. చూడ్డానికి వెళితే వాళ్ళమ్మ తలుపు సగమే తెరిచి, నిద్రపోతోందంది. లోపలి నుంచి నిచ్చెన ఫోనులో మాట్లాడుతున్న గొంతు వినబడుతూనే ఉంది. ఇద్దరూ అది విన్నారు. ఉడత సరే పిన్నీ అని మెట్లు దిగింది.

ఏడాది తర్వాత బ్యాడ్మింటన్ సంఘం కార్యాలయం నుంచి పిలుపు వచ్చింది. జంటను ర్యాంకుల జాబితా నుంచి తీసెయ్యడానికి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. నిచ్చెన ముందురోజే వచ్చి పెట్టి వెళ్ళిందని గుమస్తా చెప్పాడు. కారణం అన్నచోట ఆమె చేతిరాతలో ఒక్కటే మాట ఉంది, గాయం. ఎవరి గాయమో రాయలేదు. తన మీద జాలితో వదిలేసిందా, తన ఊసెత్తడం కూడా ఇష్టం లేక వదిలేసిందా అని ఉడత ఆ మాటవంక చాలాసేపు చూసింది. అడుగుదామంటే నిచ్చెన ఎదుట లేదు.

పెన్ను తీసుకుని సంతకం పెట్టింది. అది గీత తప్పి కిందికి పోయింది. ఇంకో కాగితం ఇస్తారా అని అడిగింది.

"ఎందుకులెండి, ఎలాగూ ఫైల్లో పడేదే" అని గుమస్తా కాగితం తీసుకుని, తర్వాతివాళ్ళను రమ్మన్నాడు.