ఏడో రంగు

నలుగురు పిల్లల్ని కని పెంచినదాన్ని. పసిపిల్లల విరేచనం రంగు నాకు కార్డు చూపించి నేర్పాలా? మా కోడలు రూ-యున్ ఆ పనే చేసింది. పిల్లవాడి ఆరోగ్య పుస్తకంలో ఒక రంగుల కార్డు ఉంది. తొమ్మిది గడులు. మొదటి ఆరింట్లో ఏది కనిపించినా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి, చివరి మూడూ మంచివి. డైపరు మార్చినప్పుడల్లా ఆమె ఆ కార్డు పక్కన పెట్టుకుని కూర్చునేది.

పద్నాలుగో రోజున మొదలైంది గోల.

"అత్తయ్యా, ఇది ఐదో రంగులా లేదూ? పాలిపోయినట్టుంది."

"ఏడు. బంగారంలా ఉంది. నీ కళ్ళకేమైంది?"

"కర్టెన్ కాస్త తీసి చూద్దామా?"

"తియ్యి, గాలి తగలనీ! ముసలితనంలో కీళ్ళు పట్టేశాక నన్నే తిట్టుకుందువుగాని. ముందా కోడి పులుసు తాగు."

మా తైనాన్ ఊళ్ళో నెల వెళ్ళేదాకా బాలింత గడప దాటదు. ఆ గదికి మందపాటి కర్టెన్లు, ఒక పసుపు బల్బు. రూ-యున్‌కు తిండి సయించలేదు, కంటి మీద కునుకు లేదు. గంటకోసారి పిల్లవాడి డైపరు విప్పి చూసేది, ఏడ్చేది. బాలింత ఏడ్చినా చదివినా కళ్ళు పోతాయని చెప్పి కార్డు లాక్కుని నా ఏప్రన్ జేబులో పెట్టేసుకున్నాను. ఆమె కళ్ళ కోసమే కాదు, నా మాట నమ్మనందుకు ఒళ్ళు మండింది.

"పోనీ మీరైనా వాణ్ణి డాక్టరుకి చూపించండి."

"నెల నిండాక టీకాకి వెళ్తాంగా. అప్పుడడుగు."

ఇరవై ఆరో రోజు పొద్దున డైపరు కారి దుప్పటి పాడైంది. ఉతుకుదామని బాల్కనీలోకి తెచ్చి ఎండలో విప్పాను. పసుపు ఏదీ? పాలలో పిండి కలిపినట్టు తెల్లగా ఉంది. కార్డు తీసి పక్కన పెట్టాను. మూడో గడి. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. నాకు ఆ బల్బూ, నా పొగరూ చాలాయి.

కుళాయి తిప్పితే ఎవరికీ తెలియదు కదా అనిపించింది ఒక్క క్షణం. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. దుప్పటి అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తాను.

"లే, చెప్పులేసుకో. ఆసుపత్రికి పోదాం."

"నెల నిండలేదుగా అత్తయ్యా?"

"నెలా లేదు, నా తలకాయా లేదు. లే!"

మనవణ్ణి నేనే ఎత్తుకున్నాను. డాక్టరమ్మ వాడి పొట్ట నొక్కి చూసి, "ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?" అంది. రూ-యున్ నా వైపు చూసింది.

"పన్నెండు రోజులమ్మా. తను మొదటిరోజే చెప్పింది. నేనే వినలేదు, కదలనివ్వలేదు."

"కాలేయం నుంచి పైత్యరసం పేగుల్లోకి దిగుతోందో లేదో చూడాలి. అది దిగే గొట్టం మూసుకుపోయి ఉంటే మాత్రం ఆపరేషన్ తప్పదు. రెండు నెలలు నిండకముందే అయితే కాలేయం నిలబడే అవకాశం ఎక్కువ. టైముంది, కానీ ఇక ఒక్కరోజు కూడా పోగొట్టుకోకూడదు. ఇప్పుడే రక్తం తీయాలి, బాబుని ఎవరు పట్టుకుంటారు?"

వాడు నా చేతుల్లోనే ఉన్నాడు. నేను ఒక అడుగు ముందుకు వేశాను.

"నాకివ్వండి అత్తయ్యా," అంది రూ-యున్.

ఇన్ని రోజుల్లో ఆమె నన్ను బతిమాలకుండా మాట్లాడడం అదే మొదటిసారి. ఇచ్చేశాను.