బరువు మీద బిగింపు

రిపేరు షెడ్డు గోతిలో నిలబడిన మేస్త్రి కారు కిందికి చెయ్యి చాచి, చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనప చేతికి అరచెయ్యి ఆనించాడు.

"ఊపవే," అన్నాడు.

పైన అతని భార్య బానెట్ మీద రెండు చేతులూ వేసి, పిండి పిసికినట్టు నొక్కి వదిలింది. కారు దిగి లేచింది. లోపల ఎక్కడో టక్‌మంది.

"మళ్ళీ."

"పొద్దున్నే పెళ్ళాంచేత ఇలా కసరత్తు చేయించే మొగుడు ఇంకెక్కడైనా ఉన్నాడో లేదో," అంటూనే ఆమె మళ్ళీ నొక్కింది.

అందరూ అతన్ని చెవుల మేస్త్రి అంటారు. ఒకప్పుడు వీధి మలుపు తిరుగుతున్న బండి చప్పుడు విని, టీ తాగుతూనే దాని జబ్బేమిటో చెప్పేవాడు. రేకుల షెడ్డులో సుత్తి దెబ్బల మధ్య బతుకు గడిచేసరికి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది సగం వినిపిస్తుంది. ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. చెవులు చేసిన పని ఇప్పుడు అరచేతులు చేస్తున్నాయి. టక్‌మన్నప్పుడల్లా ఇనుము చీమ కుట్టినట్టు చేతిలోకి అదురుతుంది. అదురు ఎక్కడ గట్టిగా తగిలితే జబ్బు అక్కడ. చెవులు పోయినా చేతులు మిగిలినందుకు అతను మనసులో దణ్ణం పెట్టుకోని రోజు లేదు.

కారు పాతదే గాని శుభ్రంగా ఉంది. వెనక అద్దం మీద పిల్లలు అంటించిన నక్షత్రాలు సగం ఊడిపోయాయి. దాన్ని తెచ్చింది ఓ తల్లీ కొడుకూ. నడిపేది కొడుకు. వెనక కూర్చోవలసింది అతని తల్లి. ఆమె నడుముకు ఆపరేషనైంది, గాయం ఇంకా పచ్చిగానే ఉంది. కాళ్ళు చాపుకోడానికి ముందు సీటొకటి తీయించి కొడుకు ఈ కారులోనే చోటు చేశాడు గనుక వేరే బండి పనికిరాదు. కానీ గతుకు దిగినప్పుడల్లా ఈ టక్ ఆమె వెన్నులోకి సూదిలా దిగుతోంది. అవతలి పేటలో ఆమె అక్క మంచం పట్టి ఉంది. నిన్నటి నుంచి మాట తగ్గింది. చెల్లిని తీసుకురండి అని మాత్రం అడుగుతోంది. వీళ్ళు బయల్దేరడమూ, తల్లి నొప్పికి తాళలేక వీధి చివరి నుంచే వెనక్కి రావడమూ జరుగుతోంది.

"ఇంకో షెడ్డులో షాకబ్జర్లు రెండూ మార్పించానండీ," అన్నాడు కొడుకు. "చప్పుడు మాత్రం పోలేదు."

"అవి నిక్షేపంగా ఉన్నాయి బాబూ, వట్టి పుణ్యానికి వాటిమీద నింద పడింది. ఇదిగో, ఈ బుష్ చిరిగింది." ఇనుమూ ఇనుమూ కొట్టుకోకుండా మధ్యలో ఉండి తగవు తీర్చే రబ్బరు ముక్క అది. "ఎవరో తొందరలో బిగించారు. పాపం, మెలిపడి మెలిపడి చిరిగింది."

"ఎంతసేపు పడుతుంది నాయనా?" బెంచీ మీద నడుముకు దిండు ఆనించుకుని కూర్చున్న తల్లి అడిగింది. "మా అక్క ఆగే మనిషి కాదు. చిన్నప్పుడు బడికి కూడా నన్నొదిలేసి ముందే పోయేది."

"ఇవాళ ఆగుతుందిలెండి అమ్మగారూ."

జాకీ ఎత్తి చక్రమూ, ఆ ఇనప చెయ్యీ ఊడదీశాడు. పాత బుష్‌ను బల్లకు బిగించిన పట్టులో పెట్టి నొక్కితే ఏడుస్తూ బయటికొచ్చింది. కొత్తదానికి సబ్బునీళ్ళు రాసి, నెమ్మదిగా నచ్చజెబుతున్నట్టు లోపలికి దించాడు. బోల్టు ఎక్కిస్తుండగా కొడుకు ఫోను మోగింది. విని, తల్లికి వినబడకుండా మేస్త్రి కుడి భుజం దగ్గరికి వంగాడు.

"పెద్దమ్మ కళ్ళు తెరవడం లేదట."

మేస్త్రి చేతులు పరుగందుకున్నాయి. పానా వేసి ఒంట్లోని బలమంతా పెట్టి బిగించాడు. చక్రం తొడిగి చెమట తుడుచుకుంటుంటే, కిరసనాయిలు పళ్ళెంలో సామాను కడుగుతున్న భార్య తలెత్తింది.

"బిగించేశావా?"

"ఆ."

"గాల్లోనే?"

అతని చెయ్యి ఆగిపోయింది. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ వాలుకే బిగుసుకుంటుంది. బండి దిగగానే మెలిపడుతుంది. గతుకు గతుకుకీ ఎదురు తంతుంది. ఇందాక ఎవరినో అన్న తొందర తన చేతిలోనే ఉంది.

"అక్కడిదాకా చేరిస్తే చాలు మేస్త్రీ గారూ," అన్నాడు కొడుకు. "తర్వాత చూసుకుందాం."

"చేరుస్తుంది బాబూ. కానీ అమ్మగారి నడుం ఒప్పుకోదు, మళ్ళీ దారిలోంచి వెనక్కొస్తారు." మేస్త్రి అప్పటికే బోల్టు వదులు చేస్తున్నాడు. జాకీ దించి గోతిలోకి దిగాడు. "అమ్మగారూ, వచ్చి మీ చోట్లో కూర్చోండి. బాబూ, నువ్వు నీ చోట్లో."

"ఇంకా బాగవలేదుగా నాయనా?"

"మీరు కూర్చుంటేనే బాగవుతుంది."

అతని పద్ధతి అది. ఎవరు ఎక్కడ కూర్చుని వెళ్తారో వాళ్ళను అక్కడ కూర్చోబెట్టి, ఆ బరువు మీద చివరి బిగింపు బిగిస్తాడు. మనుషులు లేకపోతే భార్యను కూర్చోబెట్టేవాడు. డాక్టర్ల కార్లలో, పెళ్ళికూతుళ్ళ కార్లలో, బస్తాలు మోసే వ్యాన్లలో ఆమె కొంగు సర్దుకుని కూర్చునేది. వాళ్ళకు సొంత బండి ఏనాడూ లేదు. "ఎన్ని బండ్లెక్కానమ్మా," అంది ఆమె, తల్లిని పట్టుకుని మెల్లగా సీటులోకి దించుతూ. "ఒక్కటీ ఈ గుమ్మం దాటలేదు." తల్లి నొప్పిలోనూ నవ్వింది.

గోతిలో మేస్త్రి అరచేతి కింద ఇనుము ఒక మెట్టు దిగి కుదురుకుంది. అప్పుడు బిగించాడు.

"ఊపవే."

కారు ఊగింది. అతని చేతికి ఏమీ తగలలేదు.

"చప్పుడు లేదయ్యా," అంది భార్య, అతని కుడి చెవి వైపుకు వంగి.

బండి కదులుతుంటే కొడుకు కిటికీలోంచి వెనక్కి చూశాడు. "అమ్మా, నీ దిండు! బెంచీ మీదే ఉండిపోయింది."

"ఉండనీరా. అది ఈ టక్ కోసం తెచ్చుకున్నది. పోనీ బండి."

కారు మలుపు దగ్గర గతుకు దిగింది. మేస్త్రి భార్య ముఖంలోకి చూశాడు. ఆమె విని, టక్ లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"నువ్వడక్కపోతే ఏమయ్యేదో," అన్నాడు.

"అడగడానికేగా నన్ను చేసుకున్నావు. అన్నం తిందువు రా."

పొద్దువాలాక ఫోను వచ్చింది. భార్య మాట్లాడింది, చాలాసేపు వినడమే ఎక్కువ. తర్వాత వచ్చి అతని కుడి పక్కన కూర్చుంది.

"దారిలో నిద్రపోయిందట ఆవిడ. వీళ్ళు వెళ్ళేసరికి అక్క కళ్ళు తెరిచిందట. 'ఇంతసేపా' అని కసురుకుందట కూడా. చెల్లి చెయ్యి పట్టుకునే ఉందట. ఇందాకే పోయిందట, ఆ చెయ్యి వదలకుండానే. ఆ అబ్బాయి నీకు దణ్ణం చెప్పమన్నాడు."

మేస్త్రి తన అరచేతులు చూసుకున్నాడు. తర్వాత భార్య చెయ్యి ఒకటి తీసుకుని వాటి మధ్య పెట్టుకున్నాడు. కిరసనాయిలు వాసన వేస్తోంది.

బెంచీ మీద దిండు అలాగే ఉంది. పాత దూది దిండు. నడుము ఆనిన చోట పడిన గుంట ఇంకా పూర్తిగా పొంగలేదు.