రుచి చూడని చేయి

వంటల కాలేజీ పెట్టిన పరీక్షలో శ్రీవల్లి పొయ్యి మీంచి అన్నమూ, గుమ్మడికాయా మునక్కాడలూ వేసిన ముక్కల పులుసూ దించి, గరిటె కడిగి పక్కన నిలబడింది. పెళ్లయి చదువు మానేసిన ఆడవాళ్ల కోసం గురుగ్రామ్‌లోని ఆ వంటల కాలేజీ ఈ ఏడు ఒక్కటంటే ఒక్క స్కాలర్‌షిప్ పెట్టింది. దొరికితే ఏడాది కోర్సు ఉచితం, లేదంటే మళ్లీ ఇల్లే. ‘నేను పైసా ఇవ్వను. ఇంట్లో ఉప్పు వేయడం చేతకాదు, స్టార్ హోటల్లో వండుతుందట!’ అని భర్త ఉమాశంకర్ పొద్దున కాఫీ తాగుతూ నవ్వాడు. అత్తగారు మాణిక్యాంబ కూడా నవ్వింది.

పరీక్ష పెడుతున్న షెఫ్ నేహా దగ్గరికొచ్చి హిందీలో అడిగింది. “ఎలా కుదిరింది దీదీ? లోపం ఏమైనా ఉంటే మీరే చెప్పాలి. దానికీ మార్కులున్నాయి.”

“ఉప్పు తక్కువైంది మేడమ్,” అంది శ్రీవల్లి ఠక్కున.

నేహా ఒక చెంచాడు పులుసు నోట్లో వేసుకుని ఆమె వంక వింతగా చూసింది. “ఉప్పు సరిగ్గా సరిపోయిందే! అసలు మీరు రుచి చూశారా?”

రుచి చూడడమా! కాపురానికి వచ్చిన కొత్తలో ఓసారి చారు అరచేతిలో వేసుకోబోతే, ‘దేవుడికి నైవేద్యం పెట్టకముందే ఎంగిలి చేస్తావా?’ అని అత్తగారు గిన్నెడు చారూ పారబోయించింది. అప్పటినుంచి శ్రీవల్లి వాసన చూసి, రంగు చూసి వండుతోంది.

“అచ్ఛా, ఇప్పుడు చూడండి,” అని నేహా ఇంకో చెంచా చేతికిచ్చింది.

శ్రీవల్లి వేడి పులుసు నాలుక మీద వేసుకుంది. తక్కువెక్కడుంది? ఇంట్లోనూ ఇదే పులుసు, ఇదే చేయి. మొదటి ముద్దకే ఉమాశంకర్ ‘ఉప్పు లేదు’ అంటాడు. గిన్నెలోనే ఇంత ఉప్పు పోసి కలిపేస్తాడు. ఆఖర్న అడుగూబొడుగూ వడ్డించుకునే ఆమెకు మిగిలేది ఉప్పు కషాయం. ఆయనకు సరిపోయింది కదా, తన నాలుకే మంచిది కాదేమో అనుకునేది. ఒకనాడు మరపున కూరలో రెండుసార్లు ఉప్పు పడింది. ఆ రోజూ ఆయనది అదే మాట. ఆ రోజూ ఆమె ఆయన్నే నమ్మింది! అయ్యో, నోట్లో ఉన్న నాలుకను కూడా ఆయనకే అప్పగించి ఇన్నేళ్లూ అన్నం తిన్నదా తను?

“దీదీ, తన వంట రుచి తను చెప్పలేని మనిషికి నేను సీటివ్వలేను,” అంది నేహా. “మళ్లీ అడుగుతున్నాను. ఎలా ఉంది?”

శ్రీవల్లి ఇంకో చెంచాడు తాగింది.

“ఉప్పు సరిపోయింది. మునక్కాడలు ఇంకో ఉడుకు ఉడకాలి.”

“ఠీక్ హై, పరీక్షకు మీరే ఆఖరివారు,” నేహా నవ్వింది. “స్కాలర్‌షిప్ మీదే. సోమవారం క్లాసుకు రండి.”

అంతలో ఉమాశంకర్ ఫోన్ చేశాడు. “అయిందా నీ సరదా? త్వరగా వచ్చి వంట చెయ్యి. అమ్మకి ఆకలేస్తోందిట.”

శ్రీవల్లి పళ్లెంలో అన్నం పెట్టుకుని, దాని మీద పులుసు పోసుకుంది.

“మీరు వండుకోండి,” అంది. “నేను తిని వస్తాను.”